ధనేశ్ పక్షి వరుణ్ణి ఎలా ఎంచుకుంటుంది?

రాయపూర్‌లో ఎండలు ముదిరే వేళ పాత మర్రి, రావి చెట్ల మీద ఒక పక్షి కనిపిస్తుంది. బూడిద రంగు, దాదాపు రెండడుగుల పొడవు, వంపు తిరిగిన పెద్ద ముక్కు, దాని మీద చిన్న కొమ్ము. ఇంగ్లీషులో గ్రే హార్న్‌బిల్, ఇక్కడి హిందీలో ధనేశ్. మగదాని కొమ్ము కాస్త పెద్దది.

ఇవి జంటగా బతికే పక్షులు. గుడ్లు పెట్టే కాలం వచ్చేసరికి ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, తన రెట్టతోను, మగపక్షి తెచ్చిన మట్టి ఉండలతోను ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పొదగడానికే సుమారు మూడు వారాలు పడుతుంది. లోపల ఉండగా దాని రెక్కల ఈకలు రాలి, కొత్తవి మొలుస్తాయి. అంటే ఆ రోజుల్లో ఎగరలేదు. మర్రిపండ్లు, పురుగులు, బల్లులు మగపక్షి తెచ్చి ఆ సందులోంచి అందిస్తేనే తల్లికీ పిల్లలకీ తిండి. అది రాకపోతే ఇంటిల్లిపాదికీ పస్తే.

అందుకే ఎంపిక ముందే జరగాలి. మన ఇంట్లో అప్పు మంజూరు చేసేవాళ్లకు ఈ సంగతి తెలిసిందే: డబ్బు చేతికిచ్చాక మనిషిని పరీక్షించి లాభం లేదు.

మరి పరీక్ష ఏమిటి? జత కూడే రోజుల్లో మగపక్షి పండు తెచ్చి ఆడపక్షి నోటికి అందిస్తుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, అది రేపటి పనికి ఇవాళ్టి నమూనా. ఎన్నిసార్లు తెచ్చాడు, ఏం తెచ్చాడు అన్నదాన్ని బట్టి ఓపిక, నేర్పు తెలుస్తాయి. చేపలు తినే టెర్న్ పక్షుల మీద అమెరికాలో ఇయాన్ నిస్‌బెట్ జరిపిన పరిశీలన 1973లో వెలువడింది. జత కూడే రోజుల్లో మగవి బాగా తినిపించిన జంటల్లో గుడ్లు బరువుగా ఉన్నాయి, పిల్లలు ఎక్కువగా బతికాయి.

అన్ని పక్షులూ తిండే చూస్తాయని కాదు. వానకోయిలల్లో తోక పొడవైన మగవాటికి త్వరగా జత దొరుకుతుందని 1988లో డెన్మార్క్ శాస్త్రవేత్త మోలర్ చూపించాడు. పైగా జంటగా ఉండే పక్షులన్నీ నిజంగా ఏకపత్నీవ్రతులు కావని డీఎన్ఏ పరీక్షలు బయటపెట్టాయి. హార్న్‌బిల్ జాతి మాత్రం మాట నిలబెట్టుకున్నట్టుంది: నమీబియాలోని మాంటీరో హార్న్‌బిల్ గూళ్ల మీద 2002లో వెలువడిన పరిశీలనలో, పరాయి తండ్రికి పుట్టిన పిల్ల ఒక్కటీ కనబడలేదు.

వరుడు ఎంత మంచివాడైనా ఇల్లు లేకపోతే సంసారం సాగదు. ధనేశ్ తొర్రను సొంతంగా తొలుచుకోలేదు. పాత చెట్టులో ఉన్నదాన్నే వెతుక్కోవాలి. మన కాలనీలో తొర్ర పడిన ముసలి చెట్టును పనికిరానిదని కొట్టించేముందు ఒకసారి పైకి చూడండి. లోపల ఒక తల్లి భోజనం కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.