ఎచ్చట భుజింపవలెను?

2020 మార్చి 25 మొదలు మూతబడిన భోజనశాలలలో మరల కూర్చుండి తినుటకు, కట్టడి ప్రాంతములందు తప్ప, ఆ యేటి జూన్ 8వ తేదీనుండి అనుమతి కలిగెను. అన్నినెలలును మూడుపూటల పొయ్యి విడువని ఇల్లాలికి ఒక్కపూటయైన విశ్రాంతి దొరకునని మేమును సంతసించితిమి. కాని ఇంట వృద్ధురాలగు అత్తగారో, నిండుచూలాలగు కోడలో ఉన్నప్పుడు, బయట తిని వచ్చినవారు తమతో నేమి తెచ్చుచున్నారో యెవరెరుంగుదురు? కేంద్రారోగ్యశాఖవారు 65 ఏండ్లు దాటినవారిని, గర్భిణులను, పదేండ్లలోపు పిల్లలను ఇంటనే ఉండుడని చెప్పిరి. భోజనశాలలలో సగమునకు మించి జనమును కూర్చుండబెట్టరాదనిరి.

ఊరివారికి చిక్కు తక్కువ. వంటవాడెవరో, యజమానుడెట్టివాడో వారెరుంగుదురు. సందేహమైనచో పొట్లము కట్టించుకొని ఇంటికి తెచ్చుకొందురు. యాత్రికుల సంగతి అట్లుగాదు. తిరుమలలో సామాన్యభక్తులకు దర్శనము జూన్ 11న మరల మొదలయ్యెను. కొండ దిగిన కుటుంబమునకు తిరుపతిలో చుట్టములు లేకపోవచ్చును, వంటపాత్రలు అసలే యుండవు. ఆకలిగొన్న బిడ్డ కొంగు పట్టి లాగుచుండును. అట్టివారు పూర్వము జనము మూగిన హోటలును వెదకెడివారు. అది తెలివియే. పెనము చల్లారని చోట పదార్థము నిలువయుండదు. ఇప్పుడు ఆ గుంపే భయకారణమయ్యెను. టెలిఫోనులో చుక్కలు లెక్కించి పోవువారును కలరు గాని, ఎన్నడో సాంబారు రుచికి వేసిన చుక్కలు గదికి కిటికీ కలదో లేదో చెప్పునా?

కిటికీ మాట ఊరక యెత్తలేదు. చీనాదేశమున గ్వాంగ్‌జౌ నగరమందలి యొక భోజనశాలలో 2020 జనవరి 24న వూహాను నుండి వచ్చిన కుటుంబ మొకటి భోజనము చేసెను. పిమ్మట వారితోపాటు ఇరుప్రక్కల బల్లలవద్ద కూర్చున్న కుటుంబములవారును కలిసి పదుగురు జబ్బుపడిరి. బల్లలనడుమ గజమునకు పైగా ఎడమున్నది, వడ్డించినవారికి సోకలేదు. కిటికీలు లేని ఆ గదిలో శీతలయంత్రపు గాలి ఆ మూడు బల్లల మీదుగనే తిరుగుచుండెనని పరిశోధకులు తేల్చిరి. కావున బల్ల ఎన్నిమారులు తుడిచిరని అడుగుటకంటె, గాలి యెటు వచ్చి యెటు పోవుచున్నదో చూచుట మేలని మా యభిప్రాయము. తెలిసిన యజమానుడని ఊరివారు చూపు నమ్మకమును ఈ విషయమున పనికిరాదు. పరిచయము గాలిని మార్చదు గదా! పండ్రెండున్నరకు కిటకిటలాడు హోటలే పదకొండింటికి సగము ఖాళీగా నుండును; పిల్లలున్నవారికి ఆ వేళయే అనుకూలము.

ఆ నిర్బంధములు నేడు లేవు. ప్రపంచారోగ్యసంస్థవారు 2023 మే 5న అత్యవసరస్థితి ముగిసినదనిరి. ఐనను జలుబులు, జ్వరములు పోలేదు. వసారాలోనో పెరటిచెట్టు నీడనో బల్ల వేసిన చోటు దొరికినచో, సాంబారు కొంచెము పలుచనైనను మేము అచ్చటికే పోవుదుము.