మట్టిగోడ నీళ్లలో కరుగుతుంది, సిమెంటు ఎందుకు కరగదు?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా భోపాల్‌పట్నంలో తెలుగు బాగా వినబడుతుంది. ఇంద్రావతి గోదావరిలో కలిసేది ఆ దగ్గర్లోనే. ఆ వైపు మట్టిగోడల ఇళ్లూ ఉన్నాయి, సిమెంటు ఇళ్లూ ఉన్నాయి.

రాలిన మట్టిగోడ పెళ్లను గాజుగ్లాసు నీళ్లలో వేసి కలిపి, కాసేపు వదిలేయండి. ఇసుక అడుగుకు చేరుతుంది. బంకమట్టి నీళ్లను చాలాసేపు మురికిగా ఉంచుతుంది. గడ్డిపోచలు పైకి తేలతాయి. దేనికది విడిపోయింది కాబట్టి అది మిశ్రమం. గడ్డి గుప్పెడు ఎక్కువ పడినా గోడ గోడే.

శుద్ధమైన సున్నపురాయి అలా కాదు, అది సమ్మేళనం. అందులో కాల్షియం, కార్బన్, ఆక్సిజన్ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి. 100 కిలోల శుద్ధమైన రాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోయి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దానిమీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగి సలసల కాగుతుంది (ఇది పెద్దవాళ్ల పని, కళ్లు జాగ్రత్త). గోడకు పూశాక గాలిలోని అదే వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయే అవుతుంది! ఇంతకన్నా తమాషా రసాయన చర్య ఇంటి గోడమీద ఇంకోటి లేదనిపిస్తుంది నాకు.

మరి కాంక్రీటు? అందులో మిశ్రమం, సమ్మేళనం రెండూ ఉన్నాయి. పగలగొట్టి చూస్తే కంకర కంకరగానే కనిపిస్తుంది. సిమెంటు మాత్రం నీటితో చర్య జరిపి కొత్త సమ్మేళనాలుగా మారిపోతుంది. అది గట్టిపడేది ఆరిపోయి కాదు, నీళ్లు పట్టుకుని. కొత్త స్లాబు మీద గట్లు కట్టి రోజుల తరబడి నీళ్లు నిలిపేది ఇందుకే.