‘ఓటీ చూశారు’ అంటే ఆపరేషన్ అయిందనేనా? ఆస్పత్రి కాగితాల్లో పొడి అక్షరాలు చదవడం ఎలా?

గల్ఫ్‌లో పనిచేస్తున్న అబ్బాజాన్‌కు పక్షవాతం వచ్చి అక్కడి ఆస్పత్రిలో చేరారనుకుందాం. రిపోర్టు వాట్సాప్‌లో కర్నూలులోని ఇంటికి వచ్చింది. కూతురు దాన్ని అమ్మీకి తెలుగులో చదివి చెబుతోంది. ‘ఓటీ చూశారు’ అని ఒక చోట ఉంది. “ఆపరేషన్ చేశారట అమ్మీ” అంది. ఇంట్లో కంగారు మొదలైంది.

నిజానికి ఆపరేషన్ ఏదీ జరగలేదు. మన ఆస్పత్రుల్లో ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్. ఆ కాగితంలో మాత్రం ఆక్యుపేషనల్ థెరపిస్ట్. అంటే గుండీలు పెట్టుకోవడం, తన చేత్తో తాను తినడం లాంటి పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదు ఇచ్చేవారు.

ఇలా ఒకే అక్షరాలకు రెండు అర్థాలుండేవి ఇంకా ఉన్నాయి.

ఎండీ: మన దేశంలో ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ. అమెరికాలో డాక్టరు మొదటి డిగ్రీయే ఎండీ. కాబట్టి అక్కడి రిపోర్టులో ఎండీ అని చూసి స్పెషలిస్టు అని రాసేయకూడదు.

ఎంఎస్: పేరు పక్కన ఉంటే సర్జరీ వైపు పీజీ డిగ్రీ. సంతకం కింద హోదాగా ఉంటే మెడికల్ సూపరింటెండెంట్ కావచ్చు.

సీఎంవో: క్యాజువాల్టీ మెడికల్ ఆఫీసర్ కావచ్చు, చీఫ్ మెడికల్ ఆఫీసర్ కూడా కావచ్చు.

పీటీ: ఫిజియోథెరపిస్ట్. పేషెంట్‌ను కూడా ఇలాగే పొట్టిగా రాస్తారు.

ఆర్ఎంపీ: చట్టం భాషలో కౌన్సిల్‌లో పేరు నమోదైన డాక్టరు. మన ఊళ్లలో మాత్రం డిగ్రీ లేకుండా వైద్యం చేసేవారిని ఆర్ఎంపీ అంటున్నాం. రెండూ పూర్తిగా వేరు.

బీయూఎంఎస్: యునానీ వైద్య డిగ్రీ. చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కాలేజీలో చదివేది ఇదే. హకీమ్ సాబ్ రాసిన చీటీని తర్జుమా చేస్తే ‘యునానీ వైద్యులు’ అని స్పష్టంగా రాయాలి. ఏ పద్ధతి మందులు వాడారో తర్వాత చూసే డాక్టరుకు తెలియాలి కదా.

నర్సుల్లో ఏఎన్ఎం, జీఎన్ఎం అన్నవి మన దేశంలోని కోర్సుల పేర్లు. గల్ఫ్ కాగితాల్లో కనిపించే ఆర్ఎన్ అంటే రిజిస్టర్డ్ నర్స్.

మరి తప్పు పోకుండా ఏం చేయాలి?

ముందు కాగితం పైభాగం చూడండి. ఏ దేశం, ఏ విభాగం అన్నది తెలిస్తే సగం చిక్కు వీడుతుంది. పేరు పక్కనున్నది సాధారణంగా చదువు, సంతకం కింద ఉన్నది ఉద్యోగం. ఈ రెండింటినీ కలిపేయకండి. మన దేశంలో 2002 నాటి నిబంధనల ప్రకారం అల్లోపతి డాక్టరు రాసే చీటీ మీద, సర్టిఫికెట్ మీద కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. అనుమానం వస్తే ఆ నంబర్‌తో వివరాలు సరిచూసుకోవచ్చు.

తర్జుమాలో అసలు పొడి అక్షరాలను అలాగే ఉంచి, పక్కన పూర్తి పేరు రాయండి. అర్థం తేలకపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి, అప్పటిదాకా ఆ చోటు ఖాళీగా వదిలేయండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కైనా, ఇంకో డాక్టరు సలహాకైనా వెళ్లేది ఆ కాగితమే. చూసింది నర్సా, డాక్టరా, థెరపిస్టా అన్నది తారుమారైతే ఇబ్బంది పడేది రోగే.