గోడ మూసేలోపే చూడాలి

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు లేస్తున్న కొత్త కాలనీల్లో తెలుగు కుటుంబాలు బాగా కనిపిస్తాయి. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు ముందు అడిగేది తూర్పు ముఖమా, ఈశాన్యం పెరిగిందా అని. ఆ తర్వాతే స్కూలు, వడ్డీ. కింద నేల ఎలాంటిదో అడిగేవాళ్లు తక్కువ. అక్కడ చాలాచోట్ల ఉన్నది మన నల్లరేగడికి చుట్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. దాని మీద పోసిన కాంక్రీటు స్లాబూ దాంతోపాటే కదులుతుంది. తలుపు బిగుసుకుపోవడం, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పాకడం అలాంటి కదలికకు తొలి జాడలు కావచ్చు. ఆ జాడలు చదవడమే హోమ్ ఇన్‌స్పెక్టర్ పని.

టెక్సాస్‌లో లైసెన్స్ లేకుండా ఈ పని చేసి డబ్బు పుచ్చుకోకూడదు. (కాలిఫోర్నియా, జార్జియాల్లో రాష్ట్రం లైసెన్స్ అడగదు.) లైసెన్స్ ఇచ్చేది టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్. నేరుగా ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్ కావాలంటే 194 గంటల శిక్షణ ఉంది. అందులో 40 గంటలు నిజమైన ఇళ్లలో, అనుభవజ్ఞుల వెంట తిరిగి నేర్చుకోవాలి. తర్వాత నాలుగు గంటల్లో 200 ప్రశ్నల జాతీయ పరీక్ష, దానికి తోడు టెక్సాస్ నిబంధనల పరీక్ష. వేలిముద్రలు ఇవ్వాలి, కనీసం లక్ష డాలర్ల బీమా తీసుకోవాలి. ఐటీ ఉద్యోగం ఊగిసలాడే రోజుల్లో మరో వృత్తి వెతుక్కునే మనవాళ్లకు నేను ధైర్యంగా చెప్పగల దారి ఇది. అయితే జులై ఎండలో అటక ఎక్కి, ఇన్సులేషన్ మధ్య మోకాళ్ల మీద పాకడానికి ఒళ్లు వంగాలి.

కొత్త ఇంటికి తనిఖీ ఎందుకు, సిటీ వాళ్లు వచ్చి చూస్తారు కదా అంటారు. సిటీ ఇన్‌స్పెక్టర్ చూసేది కోడ్ పాటించారా లేదా అన్నదే. ఆయన కొనేవాళ్ల మనిషి కాదు. అసలు చూడాల్సింది గోడను మూసే షీట్‌రాక్ పలకలు బిగించకముందు, ఇంటి ఎముకలన్నీ బయటికి కనిపించే నాలుగు రోజుల్లో. గోడలో నిలబెట్టిన చెక్కలకు రంధ్రాలు చేసి నీళ్ల పైపులు, కరెంటు వైర్లు దూరుస్తారు. రంధ్రం చెక్క అంచుకు మరీ దగ్గరగా పడితే దాని ముందు చిన్న ఉక్కు రేకు కొట్టాలి. అది మరిచారనుకోండి, షీట్‌రాక్ స్క్రూ తిన్నగా పైపులోకి దిగుతుంది. ఆ రోజు చుక్క నీరు కారదు. స్క్రూయే బిరడాలా రంధ్రాన్ని పట్టి ఉంచుతుంది. గృహప్రవేశం అయిపోతుంది, పటాలు గోడకెక్కుతాయి. స్క్రూ తుప్పు పట్టాకే గోడ చెమర్చడం మొదలవుతుంది. అరచేతిలో పట్టే రేకు లేదని గుర్తించి, ఏ గదిలో ఏ గోడకో ఫొటోతో రాసిన ఇన్‌స్పెక్టర్ తన ఫీజుకు న్యాయం చేసినట్టే. ‘నిపుణులను సంప్రదించండి’ అని రాసి చేతులు దులుపుకునే రిపోర్టు కొనేవాళ్లకు ఎందుకూ పనికిరాదు.

పూర్తయిన ఇంటి తనిఖీ రిపోర్టుకు కమిషన్ నిర్దేశించిన ఫారం ఉంది. ప్రతి అంశం పక్కన నాలుగు గడులు: చూశాను, చూడలేదు, ఇక్కడ లేదు, లోపం ఉంది. చూడనిదాన్ని చూసినట్టు దాటవేయడానికి వీల్లేదు. నా దృష్టిలో 194 గంటల కన్నా విలువైన నియమాలు మరో రెండున్నాయి. తమ పేరు జాబితాలో పెట్టినందుకు ఏజెంటుకు డబ్బివ్వకూడదు. ఇల్లు కొనే ఒప్పందం కోసం తనిఖీ చేసినవాళ్లే అక్కడి మరమ్మతులు ఒప్పుకోకూడదు. లోపం కనిపెడితే అదనంగా వచ్చేదేమీ లేదు, దాచితే ముట్టేదీ ఉండకూడదు. అలాంటి మనిషి మాటనే కొనేవాళ్లు నమ్మగలరు.

మన దగ్గర హైదరాబాద్‌లో, విజయవాడలో జీవితకాలపు అప్పుతో ఫ్లాట్ కొనేవాళ్లకు ఆ మనిషి ఎవరు? 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. మంచి చట్టమే. కానీ చూపించాల్సింది కొన్నవాళ్లే. ఇళ్లు తనిఖీ చేసే ప్రైవేటు సంస్థలున్నా, వాళ్లకు ప్రభుత్వం పెట్టే పరీక్ష లేదు, ఇచ్చే లైసెన్సూ లేదు. సివిల్ డిప్లొమా చేసినవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లకు శిక్షణ, పరీక్ష, బీమా పెట్టి ఈ పని అప్పగించాలి. బాత్రూం తూము మూసి నీళ్లు నింపి, మర్నాడు కింది ఫ్లాట్ సీలింగ్ చూసి, తడి ఉంటే ఉందని సంతకం పెట్టి రాసివ్వాలి. ఆ కాగితం తాళాలు తీసుకోకముందే కొనేవాళ్ల చేతికి రావాలి.