పెంపుడు కుందేళ్ళలో శ్వాస సమస్యలు: మందు కన్నా ముందు వసతి

పట్టణాలలోను, పల్లెలలోను పిల్లల ముచ్చట కోసం కుందేళ్ళను పెంచే కుటుంబాలు అనేకం. సంతలోనో, పెంపుడు జంతువుల దుకాణంలోనో కొన్న పిల్లను ఇనుప తీగల పంజరంలో ఉంచి బాల్కనీ మూలనో, మెట్ల కిందనో చోటు చూపుతారు. కొన్ని నెలలు గడిచాక అది తుమ్మడం మొదలుపెడుతుంది. ముక్కు కారుతుంది. యజమాని మందు వాడితే తుమ్ములు తగ్గుతాయి. మందు ఆపిన రెండు, మూడు వారాలకు అదే ముక్కు మళ్ళీ కారుతుంది. ఈసారి మందు మారుతుంది. పంజరం మాత్రం అదే మూలలో అలాగే ఉండిపోతుంది.

కుందేళ్ళలో శ్వాస వ్యాధులు పదేపదే తిరగబెట్టడానికి ముఖ్య కారణాలలో ఒకటి ఈ మారని పంజరమే. వ్యాధికి సూక్ష్మజీవి కారకమైనా, అది విజృంభించడానికి అనువైన పరిస్థితిని కల్పించేది వసతి. కాబట్టి తుమ్ముతున్న కుందేలును పరీక్షించేవారు దానితోపాటు అది పీల్చే గాలిని కూడా పరీక్షించాలి.

శ్వాస నిర్మాణంలోని ప్రత్యేకత

కుందేలు సహజంగా ముక్కుతోనే శ్వాసిస్తుంది. దాని ఉపజిహ్విక మృదు తాలువు పైభాగాన అమరి ఉండటం వల్ల గాలి ముక్కు నుంచి నేరుగా శ్వాసనాళంలోకి పోతుంది. కుక్క నోరు తెరిచి రొప్పినట్లు కుందేలు సులభంగా రొప్పలేదు. అందువల్ల ముక్కు దిబ్బడ కుందేలుకు చిన్న అసౌకర్యం కాదు, ప్రాణవాయువు దారి మూసుకుపోవడమే. తల పైకెత్తి నోటితో గాలి పీలుస్తున్న కుందేలు అత్యవసర స్థితిలో ఉన్నట్లు భావించాలి.

రెండవ ప్రత్యేకత, ఉదరంతో పోలిస్తే ఛాతీ కుహరం చాలా చిన్నది. విశ్రాంతిలో ఉన్న కుందేలు ప్రధానంగా విభాజక పటలం కదలికతోనే గాలి పీలుస్తుంది. ఊబకాయం వచ్చినా, జీర్ణాశయంలో గాలి నిండి పొట్ట ఉబ్బినా ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి చోటు తగ్గుతుంది. కుందేలును పట్టుకునేటప్పుడు ఛాతీని గట్టిగా అదిమితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం కూడా ఇందువల్లనే.

మూడవది, పై దవడ దంతాల మూలాలు కన్నీటి నాళానికి, నాసికా కుహరానికి అతి సమీపంలో ఉంటాయి. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గల గడ్డి చాలక పళ్ళు సరిగా అరగకపోతే మూలాలు లోపలికి పొడుచుకువచ్చి కన్నీటి నాళాన్ని నొక్కుతాయి. కన్ను, ముక్కు ఒకే వైపు కారుతున్నప్పుడు పళ్ళను కూడా పరీక్షించాలని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

వ్యాధికారకాలు

కుందేళ్ళలో ముక్కు కారే వ్యాధికి ప్రధాన కారకం పాశ్చురెల్లా మల్టోసిడా అనే బ్యాక్టీరియా. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్టెఫైలోకాకస్ ఆరియస్ కూడా కనిపిస్తాయి. పాశ్చురెల్లా ముక్కు నుంచి మధ్య చెవికి చేరితే మెడ ఒక వైపు వంగిపోతుంది. ఊపిరితిత్తులకు దిగితే న్యుమోనియా, చర్మం కిందకు చేరితే చీముగడ్డలు ఏర్పడతాయి.

పైకి ఆరోగ్యంగా కనిపించే అనేక కుందేళ్ళ ముక్కులో ఈ బ్యాక్టీరియా నిశ్శబ్దంగా నివసిస్తూ ఉంటుంది. ముక్కు లోపలి పొరపై ఉండే సూక్ష్మ శైలికలు, జిగురు పదార్థం దానిని అదుపులో ఉంచుతాయి. ఆ పొర దెబ్బతిన్న రోజున కాపలా సడలి వ్యాధి బయటపడుతుంది. పొర దెబ్బతినడానికి దారితీసే కారణాలలో మొదట చెప్పవలసినది అమ్మోనియా.

అమ్మోనియా: నేల మట్టంలోని ముప్పు

కుందేలు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 50 నుంచి 150 మిల్లీలీటర్ల నీరు తాగుతుంది. మూత్రం కూడా తదనుగుణంగానే ఎక్కువ. మూత్రంలోని యూరియాను పెంటలోని బ్యాక్టీరియా యూరియేజ్ ఎంజైముతో విడగొట్టినప్పుడు అమ్మోనియా వాయువు పుడుతుంది. తడి, వేడి, పాత పెంట మూడూ కలిసినచోట ఇది వేగంగా వెలువడుతుంది. ఆహారంలో మాంసకృత్తులు అవసరానికి మించితే మూత్రంలో నత్రజని పెరిగి సమస్య ఎక్కువవుతుంది. శనగలు, వేరుశనగలు, గుళికల దాణా ధారాళంగా పెట్టే ఇళ్ళలో ఈ సంగతి గమనించదగినది.

అమ్మోనియా గాఢత 25 పీపీఎం దాటిన గాలి కుందేళ్ళ శ్వాసకోశానికి హానికరమని సాధారణంగా పరిగణిస్తారు. 10 పీపీఎం లోపు ఉంచడం మేలు. ఈ వాయువు ముక్కు పొరలోని తేమలో కరిగి శైలికల కదలికను మందగింపజేస్తుంది. అది పుట్టేది పంజరం అడుగున. కుందేలు ముక్కు ఉండేదీ అక్కడే. నిలబడి చూసే మనిషికి వాసన అంతగా తెలియకపోవచ్చు, కుందేలు మాత్రం ఆ గాలిలోనే రోజంతా గడుపుతుంది. పైగా ఆ ఇంట్లోనే ఉండేవారి ముక్కు వాసనకు అలవాటు పడిపోతుంది.

ఉదయం శుభ్రం చేయకముందు, బయటి నుంచి వచ్చిన వ్యక్తి పంజరం అడుగు మట్టానికి వంగి వాసన చూడటం సులభమైన పరీక్ష. ఘాటు తగిలినా, కళ్ళు చురుక్కుమన్నా వసతి మార్చవలసిందే. తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని పెంట పళ్ళానికి కొద్దిగా పైన వేలాడదీస్తే, అమ్మోనియా ఉన్నచోట అది నీలి రంగుకు మారుతుంది. గాఢత ఎంతో ఈ కాగితం చెప్పదు. అయినా యజమానికి కళ్ళకు కట్టేలా చూపడానికి ఇది చక్కగా ఉపయోగపడుతుంది.

శుభ్రపరచడంలో రెండు పొరపాట్లు

దుర్వాసన పోవడానికి తడి పెంటపై సున్నం చల్లడం కొందరికి అలవాటు. సున్నం క్షార గుణం వల్ల మూత్రంలో కరిగి ఉన్న అమ్మోనియం వాయువుగా మారి మరింత ఎక్కువగా వెలువడుతుంది. తడిని పూర్తిగా తీసివేయకుండా సున్నం వాడకూడదు.

మూత్రపు మరకలపై నేరుగా బ్లీచింగ్ పౌడరు ద్రావణం పోయడం రెండవ పొరపాటు. క్లోరిన్, అమ్మోనియా కలిసి క్లోరమైన్ అనే విష వాయువులు ఏర్పడతాయి. అవి కుందేలుకే కాక శుభ్రం చేసే మనిషికీ హాని చేస్తాయి. కుందేలు మూత్రంలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉండి పళ్ళానికి తెల్లటి పెచ్చులా అంటుకుంటాయి. పలుచని వెనిగరుతో నానబెట్టి రుద్ది, మంచినీటితో కడిగి, ఎండలో ఆరబెడితే సరిపోతుంది. వెనిగరును బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపరాదు.

ఇంటి గాలిలోని ఇతర ప్రేరకాలు

దోమల చుట్టలు, అగరుబత్తీలు, సాంబ్రాణి పొగ, పోపు ఘాటు, సిగరెట్టు పొగ, దీపావళి బాణసంచా పొగ కుందేలు ముక్కు పొరను చికాకు పరుస్తాయి. పంజరం పూజగదికి, వంటగదికి దూరంగా ఉండాలి. దోమలను ఆపడానికి చుట్టలకు బదులు పంజరం చుట్టూ సన్నని దోమతెర కట్టవచ్చు.

పడకగా వేసే పదార్థం కూడా ముఖ్యమే. వడ్రంగి దుకాణం నుంచి తెచ్చే రంపపు పొట్టులో సన్నని ధూళి ఉంటుంది. దేవదారు, పైన్ వంటి కలపల పొట్టులోని సుగంధ రసాయనాలు శ్వాసకోశానికీ, కాలేయానికీ మంచివి కావు. ఊక కూడా ధూళి రేపుతుంది. బూజు పట్టిన వరిగడ్డి మరీ ప్రమాదకరం. ముక్కలు చేసిన కాగితం, ధూళి దులిపిన పొడి ఎండుగడ్డి మేలైనవి. ఎండుగడ్డిని పంజరం లోపల కాకుండా బయటే విదిలించి వేయాలి.

వేడి, తేమ, గాలి

పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు మన పొలాల్లో తిరిగే చెవులపిల్లులు కావు. అవి స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతంలో నేల బొరియలలో నివసించిన ఐరోపా కుందేళ్ళు. సుమారు 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వీటికి హాయిగా ఉంటుంది. 30 డిగ్రీలు దాటితే ఒత్తిడి మొదలవుతుంది. చెమట ద్వారా శరీరాన్ని చల్లబరచుకునే శక్తి లేనందున పెద్ద చెవుల రక్తనాళాల ద్వారా, వేగవంతమైన శ్వాస ద్వారా వేడిని వదులుతాయి. ముక్కు దిబ్బడ ఉన్న కుందేలుకు ఈ రెండవ మార్గం కూడా మూసుకుపోతుంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన వేసవిలో జబ్బు కుందేళ్ళు హఠాత్తుగా మరణించడానికి ఇదొక కారణం.

వేసవిలో నీడ, చల్లని నాపరాయి పలక, గుడ్డ చుట్టిన మంచునీటి సీసా, చెవులపై తడిగుడ్డ అద్దడం ఉపకరిస్తాయి. కోస్తా జిల్లాలలో మూసిన గదిలో ఎయిర్ కూలర్ పెడితే తేమ పెరిగి మేలు కన్నా కీడు ఎక్కువ జరుగుతుంది. కిటికీలు తెరిచి ఫ్యాను గాలిని పక్కకు మళ్ళించడం మంచిది. చలికాలంలోను, వానాకాలంలోను గోనె సంచులతో, టార్పాలిన్‌తో పంజరాన్ని నాలుగు వైపులా మూసివేయడం మరొక పొరపాటు. పొడిగా ఉన్న ఆరోగ్యవంతమైన కుందేలు వేడి కన్నా చలిని మెరుగ్గా తట్టుకుంటుంది. వాన జల్లు కొట్టే వైపు మాత్రమే మూసి, ఎదుటి వైపు గాలి పోయే దారి ఉంచాలి.

అనువైన వసతి

గాజు తొట్టెలు, ప్లాస్టిక్ డబ్బాలు, అట్టపెట్టెలు కుందేలు నివాసానికి పనికిరావు. పంజరానికి కనీసం రెండు ఎదురెదురు పక్కలు జాలీతో ఉండాలి. కుందేలు మూడు గెంతులు వేయడానికి తగిన పొడవు, వెనుక కాళ్ళపై నిలబడినప్పుడు చెవులు తగలనంత ఎత్తు ఉండాలి. బ్రిటన్‌లోని కుందేళ్ళ సంక్షేమ సంఘం ఒక జతకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు గల ఆవరణను సిఫారసు చేస్తుంది. అంత స్థలం లేని ఇళ్ళలో రోజూ కొన్ని గంటలు గదిలో స్వేచ్ఛగా తిరగనివ్వాలి.

తీగ జాలీ అడుగు మూత్రాన్ని కిందికి పోనిచ్చినా, పాదాలకు పుండ్లు కలిగిస్తుంది. జాలీలో కొంత భాగంపై చెక్క పలక గానీ చాప గానీ పరచాలి. కుందేలు సాధారణంగా ఒకే మూలలో మూత్రం పోస్తుంది. ఆ మూలలో కాగితపు ముక్కలు నింపిన పళ్ళెం ఉంచి, ఆ తడిని రోజూ తీసివేయాలి. వారానికి ఒకసారి పంజరం మొత్తం కడిగి ఎండబెట్టాలి.

కొత్తగా తెచ్చిన కుందేలును కనీసం 3 నుంచి 4 వారాలు వేరే గదిలో ఉంచి, పాతవాటికి మేత పెట్టిన తరువాతనే దాని దగ్గరకు వెళ్ళాలి. కుందేళ్ళను, గినీ పందులను ఒకే పంజరంలో పెంచరాదు. కుందేలులో లక్షణాలు చూపని బోర్డెటెల్లా గినీ పందులలో తీవ్రమైన న్యుమోనియాకు దారితీయగలదు.

లక్షణాల గుర్తింపు

గడ్డి ధూళికి ఒకటి, రెండు తుమ్ములు సహజం. రోజూ తుమ్మడం, ముక్కు నుంచి తెల్లని చిక్కటి స్రావం, గురక వంటి శబ్దం, కళ్ళలో పుసి వ్యాధి సూచనలు. కుందేలు ముక్కును ముందు కాళ్ళతో తుడుచుకుంటుంది కాబట్టి ముక్కు శుభ్రంగా కనిపించినా ముందు కాళ్ళ లోపలి వైపు వెంట్రుకలు అట్టకట్టి ఉంటాయి. పరీక్షలో ఈ కాళ్ళను తప్పక చూడాలి.

విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 60 శ్వాసలు సాధారణం. డొక్కల కదలికను 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చించాలి. ముక్కు అదిరే వేగాన్ని శ్వాస వేగంగా లెక్కించరాదు. నోటితో శ్వాసించడం, పెదవులు నీలిరంగుకు మారడం, మెడ చాచి కూర్చోవడం, 12 గంటలుగా మేత ముట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపాలి. మేత మానిన కుందేలులో జీర్ణాశయం కదలిక ఆగి, శ్వాస వ్యాధి కన్నా ముందే అది ప్రాణాపాయం కావచ్చు.

సొంత వైద్యంతో ప్రాణాపాయం

ఇంట్లో పిల్లలకు వాడి మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్‌ను కుందేలుకు పట్టడం ప్రాణాంతకం. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, పెన్సిలిన్, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులు అంధాంత్రంలోని మేలు చేసే సూక్ష్మజీవులను నశింపజేస్తాయి. అప్పుడు క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా విజృంభించి, అవి విడుదల చేసే విషం వల్ల విరేచనాలు పట్టుకుని కుందేలు మరణిస్తుంది. తుమ్ములకు ఇచ్చిన మందు పేగుల ద్వారా ప్రాణం తీస్తుంది. మనుషుల మందులేవీ సొంతంగా వాడవద్దని విస్తరణ సిబ్బంది యజమానులకు స్పష్టంగా చెప్పాలి.

పశువైద్యుడు ముక్కు లోతు నుంచి నమూనా తీసి, బ్యాక్టీరియాను వర్ధనం చేయించి, దేనికి లొంగుతుందో తెలుసుకుని మందు నిర్ణయించడం ఉత్తమం. చికిత్స తరచుగా వారాల తరబడి సాగుతుంది. లక్షణాలు తగ్గగానే మధ్యలో ఆపకూడదు. అనేక కుందేళ్ళలో బ్యాక్టీరియా పూర్తిగా తొలగిపోదు. అటువంటి వాటిని మందు ఆపిన తరువాత కాపాడేది శుభ్రమైన గాలి మాత్రమే.

విస్తరణ సిబ్బంది అడగవలసిన ప్రశ్నలు

తుమ్ములతో వచ్చిన ప్రతి కుందేలు విషయంలో యజమానిని ఐదు ప్రశ్నలు అడగాలి. పంజరం ఎక్కడ ఉంది? తడి పడకను ఎన్ని రోజులకు ఒకసారి తీస్తారు? దేనితో కడుగుతారు? ఆ గదిలో ఏ పొగ వస్తుంది? ఇటీవల కొత్త కుందేలును తెచ్చారా? వీలైతే పంజరం ఫొటోను యజమాని ఫోనులో చూడాలి. అందులో మూసిన మూల, తడిసిన పళ్ళెం, పక్కనే అగరుబత్తీ స్టాండు కనిపిస్తే మందు చీటీతోపాటు వాటిని సరిదిద్దే సూచన కూడా రాయాలి.

వసతి మార్పుకు పెద్ద ఖర్చు లేదు. పంజరాన్ని గాలి ఆడే చోటికి జరపడం, ఒక పళ్ళెం అమర్చడం, రోజూ పది నిమిషాలు కేటాయించడం చాలు. మందు చీటీలో మందు పేరుకు పై వరుసలో ఈ మూడింటిని రాసే అలవాటు విద్యార్థి దశలోనే ఏర్పడితే, ఒకే కుందేలు అదే ముక్కుతో మళ్ళీ మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కే అవసరం చాలావరకు తగ్గుతుంది.