వాళ్ల గీతం మోగుతుంటే... మీరేం చేయాలి?

కంపెనీ పనిమీద బ్యాంకాక్ వెళ్లారనుకోండి. సాయంత్రం ఆరింటికి స్కైట్రైన్ స్టేషన్‌లో నడుస్తున్నారు. స్పీకర్లలో ఏదో పాట మొదలైంది. అంతే... అప్పటిదాకా పరుగులు పెడుతున్న జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మీతో ఉన్న క్లయింట్ కూడా! ‘మనకెందుకులే’ అని మీరు ముందుకెళ్లిపోతారా?

అది థాయ్‌లాండ్ జాతీయగీతం. రోజూ ఉదయం 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో వినిపిస్తుంది. మీరూ ఆగాలి. ఆ నిమిషంలో మీరెలా ఉన్నారన్నది పక్కనున్నవాళ్లు గమనిస్తారు.

గౌరవం వేరు, విధేయత వేరు

‘మన దేశం కాదుగా, నేనెందుకు నిలబడాలి?’ చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఆ ఇంటి పెద్దాయన వస్తే లేచి నిలబడతాం. అంతమాత్రాన ఆ ఇంటివాళ్లమైపోం కదా! ఇదీ అంతే. నిలబడటం గౌరవం. పాడటం, గుండెపై చెయ్యి పెట్టుకోవడం సాధారణంగా ఆ దేశ పౌరుల పని. మన సుప్రీంకోర్టు కూడా 1986లో కేరళ విద్యార్థుల కేసులో ఇలాంటి మాటే చెప్పింది. మర్యాదగా నిలబడి, పాడకుండా ఉన్నంత మాత్రాన జాతీయగీతాన్ని అవమానించినట్టు కాదంది.

ఎక్కడ ఎలా?

థాయ్‌లాండ్: సినిమాకి ముందు రాజగీతం వేస్తారు. ఇది జాతీయగీతం కాదు, వేరే. అప్పుడూ లేచి నిలబడండి. రాజకుటుంబంపై జోకులు అసలే వద్దు. రాజును, రాణిని, వారసుణ్ని కించపరిస్తే అక్కడి 112వ సెక్షన్ కింద 3 నుంచి 15 ఏళ్ల జైలు.

మలేసియా: 1968 నాటి చట్టం ప్రకారం గీతం వినిపిస్తే అక్కడున్న వాళ్లంతా నిటారుగా నిలబడాలి. కావాలని అగౌరవపరిస్తే 100 రింగిట్ల వరకు జరిమానా లేదా నెల వరకు జైలు.

ఫిలిప్పీన్స్: మెడిసిన్ కోసం మనవాళ్లు బాగా వెళ్లే దేశం. 1998 నాటి చట్టం ప్రకారం నిలబడి, కుడి అరచేతిని ఎడమ ఛాతీపై ఉంచాలి. సినిమా హాళ్లలోనూ గీతం వస్తుంది. విదేశీ విద్యార్థులు ఏం చేయాలో చేరిన మొదటి వారంలోనే కాలేజీలో అడిగి తెలుసుకోండి.

అమెరికా: యూనివర్సిటీ కాన్వొకేషన్‌లో, మ్యాచ్‌కి ముందు గీతం వినిపిస్తుంది. జెండా ఎగరేసేటప్పుడు విదేశీయులు నిటారుగా నిలబడితే చాలని అక్కడి జెండా నియమావళే చెబుతోంది. గీతానికీ అదే పాటించండి. 2016లో ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ గీతం సమయంలో మోకాలిపై కూర్చుని నిరసన తెలిపాడు. దానిపై అక్కడ పెద్ద చర్చే నడిచింది. కొత్తగా చేరిన ఆఫీసులో ఆ విషయంపై మీరు తీర్పులు చెప్పకండి.

ఇవి గుర్తుంచుకోండి

• నడుస్తుంటే ఆగండి, కూర్చుంటే లేవండి.
• టోపీ, ఇయర్‌ఫోన్స్ తీసేయండి. చేతులు జేబుల్లోంచి బయటికి రావాలి.
• మాటలు, నవ్వులు, చూయింగ్ గమ్ వద్దు. వీడియో తీయాలన్న సరదా ఆపుకోండి.
• పదాలు రాకపోతే పెదాలు కదిపి నటించకండి. మౌనమే మేలు.
• అయ్యాక చప్పట్లు కొట్టాలా? పక్కవాళ్లను చూసి చేయండి.
• కాళ్లనొప్పి, అనారోగ్యం ఉంటే కూర్చునే నిశ్శబ్దంగా ఉండండి. ముందే పక్కవాళ్లకు చెబితే ఇబ్బంది ఉండదు.

మీరే ఆతిథ్యం ఇస్తుంటే...

రేపు మీ ఆఫీసులో ఆగస్టు 15 వేడుకకు విదేశీ క్లయింట్ రావచ్చు. మన గీతం నిడివి సుమారు 52 సెకన్లు. ‘ఇప్పుడు జాతీయగీతం వస్తుంది, మేం నిలబడతాం’ అని ముందుగా చెవిలో ఓ మాట వేయండి. ఆయన పాడలేదనో, సెల్యూట్ చేయలేదనో తప్పుపట్టకండి. లేచి మౌనంగా నిలబడితే ఆయన వంతు మర్యాద ఆయన చేసినట్టే.