ఇన్ఫెక్షన్ ఖర్చు ఎవరి లెక్కలో పడుతుంది?

ఆరోగ్య వ్యయాన్ని ప్రత్యక్ష వ్యయం, పరోక్ష వ్యయం అని రెండుగా విభజించడం కిందటి భాగంలో నేర్చుకున్నారు. నిర్వచనాలు చదువుతున్నంతసేపు ఈ విభజన తేలికగానే ఉంటుంది. నిజమైన జబ్బు ఒకటి ఎదురైతే మాత్రం ఏ రూపాయిని ఎక్కడ రాయాలో తోచదు. అందువల్ల ఈ భాగంలో ఒకే ఒక సమస్యను తీసుకొని చివరిదాకా లెక్క వేద్దాం. దీర్ఘకాలిక నొప్పి పోవడానికి శరీరంలో అమర్చిన పరికరానికి ఇన్ఫెక్షన్ సోకితే ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చును ఎవరు భరిస్తారు?

నొప్పికి అమర్చే పరికరం అనగానే విదేశీ గ్రంథాలలో ముందుగా కనిపించేది వెన్నుపాము ఉత్తేజక పరికరం. నొప్పి సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటును దాటి మెదడుకు చేరతాయని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. ఆ ఆలోచన ఆధారంగా, వెన్నుపాముకు స్వల్ప విద్యుత్తును పంపే పరికరాన్ని 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు తొలిసారి ఒక రోగికి అమర్చాడు. మన దగ్గర ఇవి అరుదు. విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రుల వీధుల వెంట నడిస్తే కనిపించే బోర్డులు మోకీలు మార్పిడివి. అందులో ఆశ్చర్యం లేదు. డెల్టాలో నాట్లు, కలుపుతీత, కోతలు అన్నీ వంగి, గొంతుక్కూర్చుని చేసే పనులే. కీలు అరిగి, పదేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, ఇక నడవలేక ఆపరేషన్‌కు సిద్ధపడినవారు మీ ఊళ్ళోనూ ఉంటారు. కాబట్టి మోకీలునే మన ఉదాహరణగా తీసుకుందాం. లెక్క వేసే పద్ధతి రెండు పరికరాలకూ ఒకటే.

పరికరం ఉన్నచోట ఇన్ఫెక్షన్ ఎందుకు మొండికేస్తుంది?

కాలిలో ముల్లు విరిగి చీము పడితే, ముల్లు తీయకుండా ఎన్ని మాత్రలు మింగినా పుండు మానదని పొలం పని చేసే ఎవరిని అడిగినా చెబుతారు. శరీరంలో అమర్చిన పరికరం కూడా ఈ విషయంలో ముల్లు వంటిదే. 1957లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మంలోకి స్టఫైలోకాకస్ బాక్టీరియాను ఎక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము పట్టడానికి లక్షల సంఖ్యలో బాక్టీరియా కావలసి వచ్చింది. అక్కడే పట్టుదారంతో ఒక కుట్టు ఉంటే కొన్ని వందలు సరిపోయాయి. (ఇటువంటి ప్రయోగానికి ఈనాడు అనుమతి దొరకడం కష్టం.)

దీనికి ముఖ్యమైన కారణం బయోఫిల్మ్. బాక్టీరియా లోహానికో ప్లాస్టిక్‌కో అంటుకొని తమ చుట్టూ జిగురు పొరను కట్టుకుంటాయి. చెరువు మెట్లకు పట్టిన పాచిని గుర్తు తెచ్చుకోండి. లోహంలో రక్తప్రసరణ లేదు కనుక రక్షక కణాలు ఆ వైపు నుంచి రాలేవు. పొరలోని బాక్టీరియా పెరుగుదల మందగించి ఉంటుంది కనుక, పెరుగుతున్న బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ వాటిమీద సరిగా పనిచేయదు. మొదటి కొద్ది వారాలలోనే గుర్తిస్తే కీలును శుభ్రంగా కడిగి, ప్లాస్టిక్ భాగాన్ని మాత్రం మార్చి కాపాడే అవకాశం ఉంది. ఆలస్యమైతే సాధారణంగా మొత్తం పరికరాన్ని తీసివేయాలి. ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికంగా ఉంచి, సుమారు ఆరు వారాలు మందులు ఇచ్చి, ఇన్ఫెక్షన్ పోయిందని నిర్ధారించుకొన్న తరువాత మరో ఆపరేషన్ చేసి కొత్త కీలును అమరుస్తారు. ఒక ఆపరేషన్‌తో ముగియవలసిన కథ మూడింటికి చేరుతుంది.

ఖర్చును పేర్చి చూద్దాం

ముందుగా పైకి కనిపించేది పరికరం ధర. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకీళ్ళకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అంతవరకు సగటు ముద్రిత ధర రూ.1,58,324గా ఉన్న కోబాల్ట్ క్రోమియం మోకీలును పన్ను కాకుండా రూ.54,720కి దించింది. ఇది మంచి పనే. అదే ఉత్తర్వులో, ఒకసారి తీసివేసిన చోట మళ్ళీ అమర్చే రివిజన్ కీలు ధర రూ.1,13,950. అంటే ధరల నియంత్రణ ఉన్నప్పటికీ, రెండోసారి అమర్చే కీలు ఒక్కటే మొదటిదానికి రెండింతలు పైన పడుతుంది. దీనికి రెండు ఆపరేషన్ల ఖర్చు, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు, మళ్ళీ మొదటి నుంచి ఫిజియోథెరపీ కలపండి. ఇదంతా ప్రత్యక్ష వ్యయం.

పరోక్ష వ్యయం ఆసుపత్రి బిల్లులో కనబడదు. అవనిగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక వ్యవసాయ కూలీ వచ్చిందనుకోండి. ఆమె కూలి పోతుంది, తోడుగా వచ్చిన కూతురి కూలి కూడా పోతుంది. కాలువలకు నీళ్ళు వదిలి నాట్లు ముమ్మరంగా పడే వారాలలో ఇది జరిగితే, ఏడాదిలో ఎక్కువ కూలి దొరికే రోజులే చేజారతాయి. ఇదే అవకాశ వ్యయం. సంపర్క తరగతులలో ఈ భావన అర్థం కాలేదన్న విద్యార్థులకు నేను పాఠ్యపుస్తకంలోని తుపాకులు, వెన్న ఉదాహరణకు బదులు నాట్ల ఉదాహరణే చెప్పేవాణ్ణి.

మరి అప్పు మీద వడ్డీ? రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు నాలుగు వేలు. అర్థశాస్త్రజ్ఞులు చాలామంది దీన్ని వ్యయంగా రాయరు. సమాజం దృష్టిలో ఒకరి జేబులోంచి మరొకరి జేబులోకి పోయిన డబ్బు బదిలీ మాత్రమే అంటారు. సమాజం మొత్తానికి లెక్క వేసేటప్పుడు ఆ వాదన సరైనదే. కుటుంబం లెక్క వేసేటప్పుడు మాత్రం వడ్డీని తప్పక రాయాలని నా అభిప్రాయం. ఎవరి దృక్కోణం నుంచి లెక్క వేస్తున్నామో మొదటే ప్రకటించాలి అనే నియమం ఇందుకే వచ్చింది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో 39.4 శాతం ప్రజలు నేరుగా తమ జేబులోంచి పెట్టినదే కనుక, మన దేశంలో కుటుంబ దృక్కోణాన్ని వదిలేసిన లెక్క అసంపూర్ణం.

ఇక రూపాయలలోకి మార్చలేనిది నొప్పి. ఏ బాధ పోవాలని ఆపరేషన్‌కు ఒప్పుకున్నారో, అంతకంటె ఎక్కువ బాధతో నెలల తరబడి మంచాన ఉండడం. దీన్ని లెక్కలోంచి తొలగించకుండా, కొలవలేని వ్యయంగా విడిగా రాసి చూపాలి.

వెన్నుపాము పరికరాల విషయంలో అమెరికాలో 2019లో వెలువడిన అధ్యయనాలు బీమా రికార్డుల ఆధారంగా ఈ లెక్క వేశాయి. ఆరు వేలకు పైగా రోగులలో, ఏడాది లోపు ఇన్ఫెక్షన్ సోకినవారు నూటికి ముగ్గురు. మొదటిసారి అమర్చిన పరికరానికి ఇన్ఫెక్షన్ సోకితే, సోకనివారితో పోలిస్తే ఏడాదికి దాదాపు 60 వేల డాలర్ల అదనపు వ్యయమైంది. గమనించండి, ఇది బీమా సంస్థ దృక్కోణం. తోడుగా ఉన్న కూతురి కూలి ఇందులో లేదు.

నివారణకు ఎవరు ఖర్చు పెట్టాలి?

ఇప్పుడు ఆశించిన వ్యయం అనే భావనను వాడదాం. కింది అంకెలు లెక్క కోసం ఊహించినవి. నూరు ఆపరేషన్లలో రెండింటికి ఇన్ఫెక్షన్ సోకుతుందని, ఒక్కొక్క దానికి అన్నీ కలిపి 5 లక్షలు అవుతాయని అనుకుందాం. మొత్తం 10 లక్షలు, అంటే ఒక్కో ఆపరేషన్‌కు 10 వేలు. ఆపరేషన్‌కు 3 వేల చొప్పున నివారణకు ఖర్చు పెడితే ఇన్ఫెక్షన్లు సగం తగ్గుతాయనుకుందాం. నూరు ఆపరేషన్లకు 3 లక్షలు ఖర్చు, 5 లక్షలు ఆదా. సమాజానికి 2 లక్షల నికర లాభం. అయితే ఆ 3 లక్షలు పెట్టేది ఆసుపత్రి. ఆదా అయిన 5 లక్షలు రోగి కుటుంబానివో, బీమా సంస్థవో, ప్రభుత్వానివో. ఆసుపత్రి పద్దులో ఇది నష్టంగానే కనిపిస్తుంది. ప్రతి సేవకూ విడిగా బిల్లు వేసే పద్ధతిలో అయితే రెండో, మూడో ఆపరేషన్ కూడా ఆదాయమే. వైద్యులు చెడ్డవారని దీని అర్థం కాదు. చెల్లింపు పద్ధతిలోని లోపం ఇది.

చెల్లింపు పద్ధతిని మార్చి చూసినవారున్నారు. అమెరికాలో మెడికేర్ 2008 అక్టోబరు నుంచి, ఆసుపత్రిలో ఉండగా వచ్చిన కొన్ని సమస్యలకు అదనపు చెల్లింపు నిలిపివేసింది. కొన్ని ఎముకల ఆపరేషన్ల తరువాత సోకే ఇన్ఫెక్షన్లు ఆ జాబితాలో ఉన్నాయి. మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్యాకేజీ పద్ధతిలో, మొదటి ఆపరేషన్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌ను అదే ప్యాకేజీలో చూడాలా, కొత్త కేసుగా చెల్లించాలా అన్న ఒక్క నిబంధన మీద ఆసుపత్రి ప్రోత్సాహకం ఆధారపడి ఉంటుంది.

నివారణ అంతా ఖరీదైనది అనుకోకండి. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1960లలో తుంటికీలు ఆపరేషన్లకు శుద్ధమైన గాలి వచ్చే థియేటర్లు కట్టి, మరికొన్ని జాగ్రత్తలు చేర్చి, ఇన్ఫెక్షన్లను సుమారు 7 శాతం నుంచి 1 శాతం లోపుకు తెచ్చాడు. అది ఖరీదైన మార్గమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలలో చాలావరకు చౌకైనవి: ఆపరేషన్‌కు ముందు స్నానం, వెంట్రుకలను రేజర్‌తో గీయకపోవడం, కోతకు ముందు రెండు గంటల లోపు యాంటీబయాటిక్ ఇవ్వడం. ఆపరేషన్ ముగిసిన తరువాత నివారణ పేరుతో యాంటీబయాటిక్ కొనసాగించవద్దని కూడా అందులో ఉంది. అంటే ఇక్కడ ఖర్చు తగ్గించడమే సరైన పని.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

పై లెక్కలో ఇన్ఫెక్షన్ రేటును నూటికి ఒకటిగా, ఒక్కో ఇన్ఫెక్షన్ వ్యయాన్ని 4 లక్షలుగా మార్చండి. నివారణ ఖర్చు, దాని ఫలితం పాతవే. ఇప్పుడు సమాజానికి నికర లాభమా, నష్టమా? ఆ 4 లక్షలలో తోడుగా ఉన్నవారి కూలి, రోగి అనుభవించిన నొప్పి చేరలేదని తెలిస్తే మీ జవాబు మారుతుందా? కారణాలతో పది వాక్యాలలో రాయండి.